డాక్టరు నిలవాలంటే వెళ్లే తేదీ ముందే చెప్పాలి

ప్రశ్న: మాది అల్లూరి సీతారామరాజు జిల్లాలో కొండల మధ్య ఉన్న మండలం. మా పీహెచ్‌సీకి నాలుగేళ్లలో ఐదుగురు డాక్టర్లు వచ్చారు, వెళ్లారు. ఒకరైతే ఇరవై రోజులు కూడా లేరు. మూడు నెలల క్రితం ఒక అమ్మాయి వచ్చింది. చిన్న వయసు. హస్తవాసి మంచిది, ఓపికగా చూస్తుంది. ఆమె పీజీ పరీక్షకు చదువుకుంటోందని, ఏడాది తిరక్కుండా వెళ్లిపోతుందని ఈమధ్య తెలిసింది. ఊళ్లో అందరికీ కోపం వచ్చింది. ఐదేళ్లు కదలకుండా ఉంటానని ఆమె చేత బాండు రాయించాలంటూ కలెక్టర్‌గారికి అర్జీ తయారు చేశారు. నేను మహిళా సంఘం అధ్యక్షురాలిని, ఆసుపత్రి అభివృద్ధి సంఘంలో సభ్యురాలిని. మొదటి సంతకం నన్నే పెట్టమంటున్నారు. పెట్టమంటారా?
– ఒక సోదరి, పాడేరు ఏజెన్సీ

సమాధానం:

అమ్మా,

ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. అర్జీ మాత్రం తప్పకుండా పెట్టండి, కాకపోతే అది వేరే అర్జీ కావాలి. అందులో ఏం రాయాలో చెబుతాను. జవాబు కొంచెం పొడవవుతుంది, ఓపిక పట్టండి.

మీ ఊరివాళ్ల కోపం అన్యాయమని నేను అనను. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న బిడ్డను భుజాన వేసుకుని కొండ దిగి వచ్చి, డాక్టరు గదికి తాళం చూసి వెనక్కి వెళ్లిన తల్లి కోపం అది. నొప్పులు పడుతున్న మనిషిని డోలీలో మోసుకొచ్చిన అన్నదమ్ముల కోపం అది. మైదానంలో 30,000 మందికి ఒక పీహెచ్‌సీ ఉంటే చాలని, గిరిజన ప్రాంతాల్లో మాత్రం 20,000 మందికే ఒకటి ఉండాలని మన ప్రమాణాలు చెబుతాయి. కొండల్లో మనిషికీ మందుకీ మధ్య దూరం ఎక్కువ కాబట్టే ఆ తేడా పెట్టారు. ఊళ్లకు దగ్గరలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు (పీహెచ్‌సీలు) ఉండాలని, ఆరోగ్య వ్యవస్థ మీద అప్పటి ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ చెప్పింది 1946లో. ఇన్నేళ్లలో భవనాలైతే చాలా లేచాయి. ఆ భవనంలో రాత్రి పూట ఉండే మనిషి దగ్గరే మన లెక్క తప్పుతూ వస్తోంది.

అయితే మీ కోపం వెళ్లి తగలాల్సింది ఆ అమ్మాయికి కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే నా సంగతి చెప్పాలి. ఇన్నేళ్లలో ఎక్కడా రాయలేదు.

1986లో నేను డాక్టరుగా ఉద్యోగంలో చేరింది ఇలాంటి ఏజెన్సీ పీహెచ్‌సీలోనే. చేరిన పదకొండో రోజు రాత్రి, జడివాన. కరెంటు లేదు. ఒకామెకు బిడ్డ పుట్టింది, మాయ మాత్రం రాలేదు. రక్తం ఆగకుండా పోతోంది. జీపు ఉంది, డీజిలు లేదు. ఉన్నా వాగు దాటనివ్వదు. కాలేజీలో ఇలాంటప్పుడు నా వెనుక ఇద్దరు ప్రొఫెసర్లు, మత్తు డాక్టరు, రక్తనిధి ఉండేవి. ఇక్కడ నా వెనుక ఉన్నది యాభై ఏళ్ల ఏఎన్ఎం, అంటే ఊళ్లు తిరిగి కాన్పులు చూసే నర్సు. చేతిలో లాంతరు. నా చేతులు వణకడం ఆమె చూసింది. లాంతరు ఆ బాలింత భర్త చేతికిచ్చి, "బాబూ, పైనుంచి పొట్ట నేను గట్టిగా పట్టుకుంటాను. మీరు చెయ్యి లోపలికి పోనిచ్చి అంచు దొరికేదాకా వెతకండి, తొందరపడకండి" అంది. అంచు దొరికింది. మాయ వచ్చింది. సూది వేశాం. ఏఎన్ఎం ఆ బాలింత గర్భసంచిని పైనుంచి అరచేత్తో రుద్దుతూనే ఉంది, అది గట్టిపడే దాకా. పొద్దున ఆ భర్త సొరకాయ బుర్రలో రాగి అంబలి తెచ్చి నా ముందు పెట్టి, ఏమీ అనకుండా కూర్చున్నాడు.

అక్కడ నేను ఉండిపోవడానికి కారణం ఆ ఏఎన్ఎం. నెల జీతం కారణం కాదు, ప్రభుత్వ ఉత్తర్వు అంతకన్నా కాదు. పక్కన పని తెలిసిన ఒక మనిషి ఉంటే కొత్త డాక్టరు నిలదొక్కుకుంటాడు. ఎవరూ లేకపోతే, అలాంటి రెండో రాత్రికే భయపడి సెలవు చీటీ రాసుకుంటాడు. ఆ భయాన్ని మనం పొగరనుకుంటాం, పట్నం మోజనుకుంటాం.

మూడేళ్లు చేశాను. మూడేళ్లయితే మైదానానికి పంపుతామని చేరేటప్పుడు నోటిమాటగా చెప్పారు. నాలుగో ఏడు వచ్చింది. దరఖాస్తులు పెట్టాను, జవాబు లేదు. నా తర్వాత చేరినవాళ్లు, ఎవరో ఒకరి సిఫార్సుతో ఆరు నెలలకే కిందికి దిగిపోతున్నారు. ఎవరూ లేనివాడు కొండమీదే ఉంటాడని అప్పుడు అర్థమైంది. మా అమ్మకు జబ్బు చేసింది, చూసేవాళ్లు లేరు. దీర్ఘకాలిక సెలవు పెట్టి వెళ్లిపోయాను. ఆ తర్వాత ఆ ఆసుపత్రికి చాలా కాలం డాక్టరు రాలేదని విన్నాను. ఆ కాలంలో ఏ ఇంటి కోడలికి మాయ రాకుండా ఉండిపోయిందో, పక్కన ఎవరున్నారో నాకు తెలియదు. ఇన్నేళ్లయినా ఆ ఆలోచన నన్ను వదలలేదు. "ఫలానా సంవత్సరం ఫలానా నెలలో నిన్ను పంపిస్తాం, ఫలానా చోటికి పంపిస్తాం" అని ఒక కాగితం నా చేతిలో ఉండి ఉంటే నేను నాలుగో ఏడూ చేసేవాణ్ని, ఐదో ఏడూ చేసేవాణ్ని.

కాబట్టి మీ అర్జీలో మొదటి కోరిక ఇదీ: మా ఊరికి వచ్చే ప్రతి డాక్టరుకూ ఇక్కడ ఎన్నేళ్లు పనిచేయాలో, ఆ తర్వాత ఎక్కడికి పంపుతారో పోస్టింగు ఉత్తర్వులోనే రాయండి. ఆ తేదీకి రెండు నెలల ముందే తర్వాతి డాక్టరును నియమించండి. డాక్టరు వెళ్లే తేదీని మనమే అడగడమేమిటని మీ ఊరివాళ్లు అంటారు. రెండేళ్లు ఉండి, కచ్చితంగా వెళ్లి, మర్నాటికే ఇంకొకరు వచ్చే ఆసుపత్రి మంచిదా? ఐదేళ్లు ఉంచుతామని చెప్పి ఐదో నెలలో ఖాళీ అయ్యే ఆసుపత్రి మంచిదా? ఈ ప్రశ్న వాళ్లనే అడగండి. నాలుగేళ్లలో ఐదుగురిని చూసినవాళ్లు, జవాబు వాళ్లకే తెలుసు.

బాండు సంగతి. చట్టం దాన్ని తప్పు పట్టదు. పైచదువులు చదివిన వైద్యులు కొంతకాలం ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేయాలని రాష్ట్రాలు పెట్టిన బాండ్లను సుప్రీంకోర్టు 2019 ఆగస్టులో సమర్థించింది. సమాజం డబ్బుతో చదివిన చదువుకు సమాజానికి కొంత తిరిగి ఇవ్వాలన్న మాటతో నాకూ పేచీ లేదు. కానీ బలవంతం ఒక్కటే చేతిలో పట్టుకుంటే ఏమవుతుందో 2014లో తెలంగాణలో చూశాం. ఏడాదిపాటు తప్పనిసరి గ్రామీణ సేవ వద్దంటూ జూనియర్ డాక్టర్లు వారాల తరబడి సమ్మె చేశారు. పల్లెలంటే ఇష్టం లేని పిల్లలని అందరూ తిట్టారు. అక్కడ ఉండడానికి ఇల్లుందా, పై డాక్టరున్నాడా, ఏడాది తర్వాత ఏమిటి అని వాళ్లు అడిగిన ప్రశ్నలు మాత్రం ఆ తిట్లలో కలిసిపోయాయి.

థాయిలాండ్‌లో ఈ పని యాభై ఏళ్లకు పైగా చేస్తున్నారు. అక్కడ కొత్త డాక్టర్లు మూడేళ్లు ప్రభుత్వ సేవ చేయాలి, కాదంటే జరిమానా కట్టాలి. జరిమానా కట్టి వెళ్లిపోయేవాళ్లు అక్కడా ఉన్నారు. అందుకే వాళ్లు బాండుతో ఆగలేదు. మారుమూల పనిచేసేవారికి అదనపు భత్యం ఇచ్చారు, ఇళ్లు కట్టారు, పైచదువులో ముందు వరస ఇచ్చారు, 1994 నుంచి పల్లె పిల్లలనే ఎంపిక చేసి వాళ్ల ప్రాంతంలోనే చదివించే పథకం నడిపారు. గ్రామీణ డాక్టర్లు తమలో తాము ఒక సంఘం పెట్టుకున్నారు. ఈ చివరిదాన్ని నేను చాలా పెద్ద విషయంగా చూస్తాను. పక్క మండలంలో తనలాంటి డాక్టరు ఉన్నాడని, ఫోను చేస్తే ఎత్తుతాడని తెలిస్తే ఒంటరితనం సగం పోతుంది.

ఇక మీ డాక్టరమ్మ పీజీ చదువు. ఎంబీబీఎస్ చదివిన ఏ పిల్లయినా ఈ రోజుల్లో పీజీ ఆశ వదులుకోదు. వదులుకోమని అడిగే హక్కు మనకు లేదు. కానీ ఆమె చదువును మన ఆసుపత్రికి శత్రువు కాకుండా చేసే దారి ఒకటి ఉంది, దాని పేరు ఇన్‌సర్వీస్ కోటా. ప్రభుత్వ సర్వీసులో నిర్ణీత కాలం పనిచేసిన వైద్యులకు పీజీ సీట్లలో కొంత వాటా ఉంచుతారు. చదువు ముగించి వాళ్లు మళ్లీ సర్వీసుకే రావాలి. తమిళనాడులో ఈ వాటా 50 శాతం. ఆ రాష్ట్రంలో పీహెచ్‌సీల్లో డాక్టర్లు కనబడడానికి ఇదొక పెద్ద కారణమని అక్కడివాళ్లు గట్టిగా చెబుతారు. ఇలాంటి కోటా ఇచ్చే అధికారం రాష్ట్రాలకు ఉందని 2020 ఆగస్టు 31న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది కూడా.

మన దగ్గర ఆ వాటా ఏటా ఎంత ఉంటుందో తెలియని పరిస్థితి వచ్చింది. 2024లో దాన్ని తగ్గించినప్పుడు ఆంధ్రప్రదేశ్ పీహెచ్‌సీ వైద్యులు ఆందోళనకు దిగారు, 2025లోనూ దిగారు. చదివి వచ్చేవారికి ఆ విభాగాల్లో ఖాళీలు లేవన్నది ప్రభుత్వం వైపు మాట. అందులో కొంత నిజముంది. చర్మవ్యాధుల నిపుణులు పదిమంది తయారైతే ఏజెన్సీకి ఒరిగేది తక్కువ. అలాంటప్పుడు గైనకాలజీ, మత్తు, పిల్లల వైద్యం, జనరల్ మెడిసిన్ లాంటి విభాగాల్లో వాటా నిలబెట్టి, కనీసం ఐదేళ్లపాటు మార్చబోమని ముందే ప్రకటించాలి. ఇరవై ఆరేళ్ల పిల్ల ఇక్కడ రెండు మూడేళ్లు పెట్టుబడిగా పెట్టాలంటే, ఆమె పరీక్ష రాసేనాటికి నియమం మారిపోదన్న నమ్మకం కావాలి. ఆ నమ్మకం లేకే చాలామంది రాజీనామా చేసి, హైదరాబాద్‌లో గది తీసుకుని, తలుపేసుకుని చదువుతున్నారు. మీ ఆసుపత్రి ఖాళీ అవుతున్నది ఆ గదుల్లోకే అమ్మా. అర్జీలో రెండో కోరికగా ఇది రాయండి. ఊరి జనం డాక్టర్ల చదువు కోసం అర్జీ పెట్టారంటే కలెక్టర్‌గారు ఒకటికి రెండుసార్లు చదువుతారు.

మూడో సంగతికి మీరే కొంచెం కష్టపడాలి. మీ పీహెచ్‌సీకి మంజూరైన డాక్టరు పోస్టులు ఎన్ని, అందులో ఎవరెవరు ఉన్నారు, వాళ్లలో ఎవరు డిప్యుటేషన్ మీద వేరేచోట పనిచేస్తున్నారు అనేది జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి కార్యాలయానికి సమాచార హక్కు చట్టం కింద రాసి అడగండి. పది రూపాయల రుసుము, తెల్ల రేషను కార్డు ఉంటే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నేను జిల్లా కార్యాలయంలోనూ పనిచేశాను, అందుకే చెబుతున్నాను. రిజిస్టరులో పోస్టు నిండి ఉంటుంది, జీతం ఆ పోస్టు మీదే వస్తుంది, మనిషి మాత్రం "వర్క్ ఆర్డర్" మీద పట్నానికి దగ్గర్లో ఉంటాడు. పోస్టు ఖాళీ అయితే కొత్తవాళ్లను వేస్తారు. ఇలా కనబడకుండా ఖాళీ అయిన పోస్టులోకి ఎవరూ రారు. డాక్టర్ల కొరత అని మనం చెప్పుకునేదాంట్లో ఎంత భాగం పంపకంలో జరిగిన అన్యాయమో ఆ జాబితా చూస్తేనే తెలుస్తుంది. ఖాళీలన్నీ గోడ మీద అంటించి, అందరి ఎదుట మెరిట్ ప్రకారం కౌన్సెలింగ్ పెట్టి, ఏజెన్సీలో గడువు పూర్తిచేసినవారికి తర్వాతి బదిలీలో మొదటి ఎంపిక ఇస్తే సిఫార్సుల బెడద చాలా తగ్గుతుంది. ఆ తర్వాత డిప్యుటేషన్లతో దాన్ని వెనక దారిన చెడగొట్టకూడదు.

ఇంకొక డాక్టరును కూడా అడగండి. 2023లో రాష్ట్రంలో ఫ్యామిలీ డాక్టర్ విధానం మొదలైనప్పుడు పీహెచ్‌సీకి ఇద్దరేసి డాక్టర్లు అన్నారు. ఒకరు ఆసుపత్రిలో ఓపీ చూస్తే రెండోవారు 104 వాహనంలో ఊళ్లకు వెళ్లాలి. మంచి ఆలోచన. మీ దగ్గర ఆ అమ్మాయి ఒక్కతే ఉంటే మాత్రం పగలు ఓపీ, మధ్యాహ్నం ఊళ్లు, రాత్రి కాన్పులు, మధ్యలో మలేరియా లెక్కలు, సమావేశాలు, ఆన్‌లైన్ నమోదులు అన్నీ ఆమె నెత్తినే పడతాయి. ఒక్కతే అయితే జ్వరమొచ్చినా సెలవు పెట్టడానికి ఉండదు. అలా ఎవరైనా ఎన్నాళ్లు చేస్తారు?

ప్రభుత్వం చేయాల్సినవి ఇవి. మీ చేతిలో ఉన్నవీ కొన్ని ఉన్నాయి, నన్నడిగితే త్వరగా ఫలితం ఇచ్చేవి అవే.

ఆమె ఎక్కడ ఉంటోంది? మీ ఉత్తరంలో అది రాయలేదు. క్వార్టర్ ఉండి కూడా పనికిరాని స్థితిలో ఉంటే, రోజూ పాడేరు నుంచో ఇంకో చోటి నుంచో బస్సులో వచ్చిపోతూ ఉంటుంది. అప్పుడు సాయంత్రం ఐదు తర్వాత మీకు డాక్టరు ఉండదు, ఉండమని అడగడమూ న్యాయం కాదు. ఒకసారి మీరే ఆ క్వార్టర్‌కు వెళ్లి చూడండి. తలుపుకు లోపలి గడియ పడుతోందా? మరుగుదొడ్డిలో నీళ్లు వస్తున్నాయా? వరండాలో దీపం ఉందా? కిటికీకి జల్లెడ ఉందా? ఒంటరిగా ఉండే ఆడపిల్లకు ఈ నాలుగూ జీతం కంటే ముందు. ఆసుపత్రి అభివృద్ధి సంఘానికి నిధులుంటాయి, మీరు సభ్యురాలు. తీర్మానం రాయించి బాగు చేయించండి. పెద్ద మరమ్మతు అయితే గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకు రాయండి. కొన్ని రాత్రులు తోడుకు మీ సంఘంలో ఒక పెద్దావిడను పడుకోమనండి.

రాత్రి పూట ఆమెను ఎప్పుడు లేపాలి అన్నది ఊరంతా కూర్చుని ఒక మాట అనుకోండి. కాన్పు, పాము కాటు, ఫిట్లు, ఊపిరి ఆడకపోవడం, పసిబిడ్డకు జ్వరం, మనిషి స్పృహ తప్పడం, రక్తం పోవడం, ఇలాంటివాటికి ఏ వేళయినా తలుపు తట్టండి. వారం నుంచి ఉన్న ఒళ్లునొప్పులకు రాత్రి పదకొండింటికి తట్టకండి. ఏది ఎటో తేల్చుకోలేకపోతే ముందు ఆశా కార్యకర్తను పిలవండి. కానుపు తేదీ దగ్గర పడ్డ వాళ్లను ముందే గర్భిణుల వసతి గృహానికి చేర్చితే డోలీ మోతలు తగ్గుతాయి, ఆమె రాత్రులు కూడా తగ్గుతాయి.

ఇంకొకటి, ఇది చెప్పడం కష్టమే అయినా చెప్పాలి. ఏదో ఒక రోజు ఆమె చేతిలో ఒక మనిషి చనిపోతాడు. చేయాల్సిందంతా చేసినా చనిపోతాడు. ఆ రోజు మీ ఊరు ఎలా ప్రవర్తిస్తుంది అన్నదాని మీద ఆమె ఉండడం ఆధారపడి ఉంటుంది. ఆసుపత్రి ముందు కేకలు, గుంపు, ఫోన్లలో వీడియోలు మొదలయ్యాయంటే ఆ రాత్రే ఆమె తండ్రి కారు తీసుకుని వస్తాడు. పెద్దాసుపత్రికి రాసి పంపినప్పుడు "చేతకాక పంపించింది" అనే మాట కూడా ఎవరినీ అననివ్వకండి. ఎప్పుడు పంపాలో తెలిసిన డాక్టరే మంచి డాక్టరు.

మీ సంఘంలో చదువుకునే ఆడపిల్లలు ఎంతమంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఈ సమస్య మీద దేశాలకు సూచనలు చేసి, 2021లో వాటిని సవరించింది. మారుమూల ప్రాంతాల్లో పుట్టి పెరిగిన పిల్లల్నే వైద్యవిద్యలోకి తీసుకోవడం వాటిలో మొదటి వరసలో ఉంటుంది. జపాన్‌లో జిచి వైద్య విశ్వవిద్యాలయం 1972 నుంచి ఇదే పని చేస్తోంది. ఒక్కో రాష్ట్రం లాంటి ప్రాంతం నుంచి ఇద్దరు ముగ్గురు పిల్లల్ని తీసుకుని చదువు ఖర్చు భరిస్తారు, చదువయ్యాక వాళ్లు తమ ప్రాంతంలో తొమ్మిదేళ్లు పనిచేయాలి. మనకూ 2024లో పాడేరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. మీ భాష తెలిసిన, మీ కొండదారులు తెలిసిన పిల్ల డాక్టరయ్యి వస్తే ఆమెకు ఇది మారుమూల పోస్టింగు కాదు, పుట్టిల్లు. దానికి పదేళ్లు పడుతుంది. అందుకే ఇప్పుడు మీ బడిలో తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్లల పేర్లు రాసుకోండి. నెలకోసారి ఆ పిల్లలతో ఒక గంట మాట్లాడమని డాక్టరమ్మనే అడగండి, సంతోషంగా ఒప్పుకుంటుంది.

చివరగా, ఆమెకు తెలియకుండా ఏ అర్జీ పంపకండి. ఆదివారం మీరు, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కలిసి ఆమె దగ్గరకు వెళ్లండి. బాండు కాగితం తీసుకెళ్లకండి. "అమ్మా, నువ్వు పీజీకి చదువుకుంటున్నావని విన్నాం. ఎప్పుడు పరీక్ష? దానికి రోజూ ఎంతసేపు చదువుకోవాలి? ఇన్‌సర్వీసులో సీటు రావాలంటే ఇక్కడ ఇంకా ఎన్నాళ్లు చేయాలి? అన్నాళ్లు ఉండడానికి నీకు ఏం కావాలి?" అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. ఆ అర్జీలోకి ఆమె మాటలు కూడా రావాలి. వెళ్లేటప్పుడు గడియ బాగుచేసే మనిషిని కూడా వెంట తీసుకెళ్లండి.